దట్టమైన కొండ అడవిలో ఎల్క్ వేట: అక్కడ అనుమతి ఎందుకు, ఇక్కడ నిషేధం ఎందుకు?

లక్ష్మీ నగర్ (ఢిల్లీ): అక్టోబరు మాసం వస్తే అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో రైఫిలు వేట కాలం ఆరంభమవుతుంది. కొలరాడో, వయోమింగ్, మోంటానా, ఐడహో కొండల్లోకి లక్షలాది మంది లైసెన్సులు తీసుకుని వెళతారు. వారిలో అత్యధికులు కోరుకునే మృగం ఎల్క్. ఈ వార్తలు చదివిన తెలుగు పాఠకునికి సహజంగా రెండు సందేహాలు కలుగుతాయి. ఎల్క్ అంటే మన భాషలో ఏ జంతువు? మన దేశంలో జైలుకు పంపే పనికి అక్కడి ప్రభుత్వమే లైసెన్సు ఎలా ఇస్తోంది?

వీటి వెంటే ఒక వాదన కూడా వినిపిస్తూ ఉంటుంది. వేటను అనుమతించిన అమెరికాలో ఎల్క్‌ల సంఖ్య పెరిగింది, నిషేధించిన భారతదేశంలో దుప్పి జాతులు తగ్గాయి, కనుక నిషేధమే తప్పు అన్నది ఆ వాదన. వినడానికి సూటిగానే ఉంటుంది. అయితే అడవిలో ఆ వేట ఎలా సాగుతుందో, దాన్ని ఏ నిబంధనలు అదుపులో ఉంచుతున్నాయో తెలిసిన తర్వాత అది అంత సూటిగా కనిపించదు.

పేరుతోనే చిక్కు

ఐరోపాలో ఎల్క్ అన్న మాటకు అర్థం వేరు. అమెరికన్లు మూస్ అని పిలిచే, చేటల వంటి కొమ్ములున్న మహాకాయమే అక్కడ ఎల్క్. అమెరికాకు వలస వెళ్లిన ఆంగ్లేయులు అక్కడి పెద్ద దుప్పిని చూసి తమకు తెలిసిన ఆ పేరే తగిలించారు. షానీ ఆదివాసుల భాషలో దాని పేరు వాపిటి, అంటే తెల్లని పిరుదులు కలది. శాస్త్రజ్ఞులు నేటికీ ఆ పేరు వాడుతున్నారు. బాగా ఎదిగిన మగ వాపిటి సుమారు 320 కిలోలు, ఆడది 225 కిలోల వరకు తూగుతుంది.

పొరపాటు అంతటితో ఆగలేదు. శ్రీలంకలోనూ దక్షిణ భారతంలోనూ వేటాడిన ఆంగ్లేయులు మన కణుజును కూడా ఎల్క్ అనే పిలిచారు. శ్రీలంక కొండల్లో తాను చేసిన వేటపై శామ్యూల్ బేకర్ 1854లో వెలువరించిన గ్రంథంలో ఎల్క్ అని వచ్చిన చోటల్లా కణుజు అనే చదువుకోవాలి. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ వాడుకను ఎత్తి చూపి, ఇది దక్షిణాది వేటగాళ్లు పెట్టిన పొసగని పేరని విమర్శించింది. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఆంగ్ల వేట కథనాలను తెలుగు చేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోకపోతే నల్లమలలో అమెరికా జంతువును నిలబెట్టినవారవుతారు.

కణుజునే కొన్ని ప్రాంతాల్లో కణితి అంటారు. పత్రికలు సాంబార్ దుప్పి అని కూడా రాస్తున్నాయి. ఆ సాంబార్ సంస్కృతంలోని శంబర శబ్దం నుంచి వచ్చింది. ఇడ్లీతో దానికే సంబంధమూ లేదు! ఢిల్లీలోని తెలుగువారు కణుజును చూడాలంటే లక్ష్మీ నగర్ నుంచి యమున దాటి పురానా ఖిల్లా పక్కనున్న జంతు ప్రదర్శనశాలకు వెళితే చాలు. ముదురు గోధుమ రంగు, మెడపై జూలు, ఒక్కో కొమ్ముకు సాధారణంగా మూడు మొనలు దాని గుర్తులు.

బంధుత్వంలో అమెరికా ఎల్క్‌కు మన దేశంలో అతి చేరువైనది కణుజు కాదు, కశ్మీర్‌లోని హంగుల్. శ్రీనగర్ సమీపంలోని దాచిగామ్ ఒకప్పుడు డోగ్రా మహారాజుల వేటభూమి. ఇప్పుడది జాతీయ ఉద్యానవనం. ఇటీవలి గణనలు అక్కడి హంగుళ్లను 300 అటూ ఇటూగా చూపుతున్నాయి. అవి అంత తక్కువగా ఉన్నచోట వేట ప్రసక్తే రాదు. అందుచేత మన పోలిక కణుజుతోనే. రెండూ పెద్ద దేహాలు, రెండూ కొండ వాలుల్లోని దట్టమైన చెట్ల మాటున దాగేవి.

చీకటి అడవి స్వభావం

అమెరికా వేటగాళ్లు ఇలాంటి చోటును డార్క్ టింబర్ అంటారు. తెలుగులో టింబర్ అనగానే కోసిన దుంగలు, కలప డిపో స్ఫురిస్తాయి. వారి వాడుకలో అది నిలిచి ఉన్న సజీవమైన అడవి. పగలు కూడా వెలుతురు సరిగా సోకనిది కనుక చీకటి అడవి అనడం సమంజసం.

ఉత్తరార్ధగోళంలో కొండల ఉత్తర వాలుకు ఎండ తక్కువ తగులుతుంది. తేమ నిలుస్తుంది, మంచు ఆలస్యంగా కరుగుతుంది. అందువల్ల స్ప్రూస్, ఫర్ వృక్షాలు అక్కడ ఒకదానినొకటి ఒరుసుకుంటూ పెరుగుతాయి. ఎల్క్‌లు తెల్లవారుజామున, సంధ్య వేళ పచ్చిక బయళ్లలో మేసి, పగలంతా ఈ చల్లని వాలుల్లో పడుకుని నెమరు వేస్తాయి. వేట కాలం మొదలై నాలుగు తుపాకులు పేలాయంటే బయళ్లకు రావడం బాగా తగ్గిస్తాయి. అప్పుడు వేటగాడే అడవిలోకి వెళ్లక తప్పదు. కొలరాడోలో 1990ల చివరి నుంచి బెరడు తొలిచే పురుగు సోకి చనిపోయిన పైన్ చెట్లు విస్తారంగా కూలాయి. ఆ దుంగల మీదుగా దాటుతూ నడవడమే ఒక ప్రయాస.

అక్కడ చూపు చాలాచోట్ల ముప్పై, నలభై మీటర్లకు మించి ఆనదు. మొత్తం జంతువు కనిపించడం అరుదు. ఒక చెవి కదులుతుంది, ఒక కాలు కనిపిస్తుంది, ఒక్కోసారి నిట్టనిలువు మానుల మధ్య అడ్డంగా ఒక గీత తోస్తుంది. అడవిలో గీతలన్నీ నిలువుగా ఉంటాయి కనుక ఆ అడ్డగీత పడిన చెట్టైనా కావాలి, జంతువు వీపైనా కావాలి. అనుభవజ్ఞులు కొత్తవారికి మొదట నేర్పేది ఈ చూపునే.

కంటి కంటే గాలి ముఖ్యం. ఎల్క్ తాను చూసిన దాన్ని ఒక్కోసారి శంకించి ఊరుకుంటుందేమో గాని, మనిషి వాసన తగిలితే క్షణం నిలవదు. కొండల్లో గాలి పోకడకు ఒక దినచర్య ఉంది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయవైపు జారుతుంది. ఎండ కాసి నేల వేడెక్కాక అదే గాలి వాలు వెంబడి పైకి ఎక్కుతుంది. పొద్దు వాలగానే మళ్లీ కిందికి దిగుతుంది. అందుకే పొద్దెక్కిన తర్వాత వేటగాడు మందకు పై భాగంలో గాని, అదే ఎత్తులో పక్కగా గాని ఉండేలా దారి పన్నుకుంటాడు. గాలి దిశ చూసుకోవడానికి మెత్తని పొడిని చిన్న సీసాలో పట్టుకెళతారు. గాలి దిశ మారితే అంతవరకు పడిన శ్రమ వదులుకుని వెనుదిరగడం తప్ప గత్యంతరం లేదు.

నడకలో తొందర పనికిరాదు. పది అడుగులు వేసి, ఆగి, చుట్టూ చూసి, చెవి ఒగ్గి వినాలి. గంటకు అర కిలోమీటరు నడిస్తే ఎక్కువే. కొత్తగా పడిన మెత్తని మంచు వేటగానికి వరం: అడుగు చప్పుడును మింగేస్తుంది, గిట్టల జాడను స్పష్టంగా చూపిస్తుంది. అదే మంచు కరిగి రాత్రికి గడ్డకట్టిందా, ప్రతి అడుగూ అప్పడం విరిగినట్టు మోగుతుంది.

మీట నొక్కే ముందు

ఈ అడవిలో దూరపు గురికి చోటు లేదు. .270, .308, .30-06 వంటి సాధారణ రైఫిళ్లు చాలు. దృశ్యాన్ని ఎన్నో రెట్లు పెద్దది చేసే స్కోపు ఇక్కడ అడ్డంకే. దగ్గరగా ఉన్న జంతువును అందులో చూస్తే గోధుమ రంగు వెంట్రుకలు తప్ప మరేమీ కనిపించవు. బరువైన తూటా చిన్న కొమ్మలను చీల్చుకుని తిన్నగా పోతుందన్న నమ్మకం ఒకటి చాలాకాలంగా ఉంది. అది నిజం కాదు. ఏ తూటా అయినా రెమ్మ తగిలితే దారి తప్పవచ్చు. కనుక జంతువు భుజం వెనుక గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం అడ్డు లేకుండా కనిపించేదాకా ఆగాలి. పిరుదులు మాత్రమే కనిపిస్తే కాల్చకూడదు.

అసలు అది ఎల్క్ అవునా కాదా అన్నది మరో చిక్కు. కొలరాడోలో 1978లో మూస్‌లను తెచ్చి వదిలారు. అవి బాగా వృద్ధి చెందాయి. ఎల్క్ అనుకుని మూస్‌ను కాల్చివేసే ఘటనలు అక్కడ జరుగుతూనే ఉన్నాయి. రెంటినీ గుర్తుపట్టడం నేర్చుకోవాలని వన్యప్రాణి శాఖ వేటగాళ్లను పదేపదే హెచ్చరిస్తోంది. ఐరోపా వలసదారులు పేరులో చేసిన కలగాపులగం ఇక్కడ తుపాకీ కొసన ప్రత్యక్షమవుతోందన్నమాట.

ఎల్క్‌లోనూ ఏది పడితే అది కుదరదు. లైసెన్సు ఫలానా ప్రాంతానికి, ఫలానా తేదీలకు, మగ లేక ఆడ జంతువుకు ఇస్తారు. కొలరాడోలో చాలా ప్రాంతాల్లో మగ ఎల్క్‌ను కాల్చాలంటే ఒక కొమ్ముకు కనీసం నాలుగు మొనలుండాలి, లేదా నుదుటి మొన అయిదు అంగుళాలైనా ఉండాలి. ఎండిన కొమ్మలన్నీ దుప్పి కొమ్ముల్లా కనిపించే చోట మొనలు లెక్కించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. గురి పెట్టిన జంతువు వెనుక మరొకటి ఉంటే ఒకే తూటాకు రెండూ కూలవచ్చు. వెనుక మనిషే ఉండవచ్చు. అందుకే రైఫిలు కాలంలో ప్రతి వేటగాడూ కనీసం 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ లేదా గులాబీ రంగు దుస్తులు, అదే రంగు టోపీ ధరించాలని కొలరాడో చట్టం శాసిస్తోంది. ఎల్క్ కంటికి ఆ నారింజ రంగు ప్రత్యేకంగా తోచదు, మనిషి కంటికి మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మీట నొక్కిన తర్వాత

ఊపిరితిత్తుల్లో తూటా దిగిన ఎల్క్ కూడా వంద, రెండు వందల మీటర్లు పరుగెత్తవచ్చు. చీకటి అడవిలో అంతదూరం వెళ్లిన జంతువు కంటికి మాయమైనట్టే. వెంటనే తరిమితే అది మరింత దూరం పోతుంది. అందుకే కనీసం అరగంట ఆగి, కాల్చిన చోట గుర్తు పెట్టుకుని, జాడ వెంట నడవాలి. నురుగుతో కూడిన లేత ఎరుపు నెత్తురు ఊపిరితిత్తుల దెబ్బకు చిహ్నం. చిక్కని ముదురు ఎరుపు కాలేయానిది కావచ్చు. పసరు కలిసిన తడి కనిపిస్తే తూటా పొట్టలో దిగిందని అర్థం. అప్పుడు గంటల తరబడి నిరీక్షించాలి. గాయపడి దొరకని జంతువు ఏ లెక్కలోకీ ఎక్కదు. నా దృష్టిలో ఈ వేటలోని నైతిక ప్రశ్న అంతా ఇక్కడే ఉంది. సరిగా కనిపించనప్పుడు మీట నొక్కినవాడు ఒక మృగానికి రెండు రోజుల మరణయాతన రాసిపెట్టినవాడవుతాడు.

జంతువు దొరికాక అసలు కష్టం మొదలవుతుంది. ఒక మగ ఎల్క్ నుంచి ఎముకలు తీసివేసినా సుమారు వంద కిలోల మాంసం వస్తుంది. దట్టమైన చర్మం వేడిని పట్టి ఉంచుతుంది కనుక త్వరగా ఒలిచి, తొడలు, జబ్బలు వేరుచేసి చల్లార్చాలి. వాహనం రాని చోటు నుంచి ఆ బరువును వీపుల మీదనో గుర్రాల మీదనో మోసుకు రావాలి. తినదగిన మాంసం వృథా చేయడం నేరం. తల, కొమ్ములు మాత్రమే తీసుకుని మిగతాది వదిలేయడం మరింత తీవ్రమైన నేరం.

సంఖ్య పెరిగింది వేట వల్లనా?

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో అదుపులేని వేట సాగింది. మాంసం, చర్మం, చివరకు కోరపళ్లు కూడా బజారులో అమ్ముడయ్యేవి. 1900 నాటికి ఎల్క్‌ల సంఖ్య లక్షకు దిగువకు పడిపోయింది. నేడు ఉత్తర అమెరికాలో అవి సుమారు పది లక్షలు, ఒక్క కొలరాడోలోనే రెండున్నర లక్షలకు పైగా ఉన్నాయి. ఈ మధ్యకాలంలో జరిగింది వేటకు తలుపులు తెరవడం కాదు, బజారుకు తలుపులు మూయడం. అక్రమంగా చంపిన జంతువులను రాష్ట్రాల సరిహద్దులు దాటించి అమ్మడాన్ని 1900 నాటి లేసీ చట్టం అడ్డుకుంది. ఎల్లోస్టోన్ వంటి రక్షిత ప్రాంతాల నుంచి మందలను తరలించి, ఖాళీ అయిన కొండల్లో వదిలారు. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం రైఫిళ్లు, తూటాలపై 11 శాతం పన్నును వన్యప్రాణి సంరక్షణకు మళ్లించింది. అడవి ఎల్క్ మాంసాన్ని నేటికీ అమ్మకూడదు. స్వయంగా తినవచ్చు, పంచిపెట్టవచ్చు.

అమెరికాలోని తెలుగువారికి సంబంధించిన ఒక విషయం ఇక్కడ చెప్పడం అవసరం. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. రాష్ట్రం జారీ చేసిన వేట లైసెన్సు చేతిలో ఉండటం ఆ నిషేధానికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. మిత్రుని వెంట సరదాగా కాల్పుల మైదానానికి వెళ్లేవారు కూడా దీన్ని తెలుసుకుని ఉండాలి. ఇక వేటతో నిమిత్తం లేకుండా, ఆకులు రంగులు మారే అక్టోబరులో పిల్లలతో కొండదారులు పట్టేవారు నారింజ రంగు చొక్కా వేసుకోవడం మంచిది.

మన కణుజు పరాయి కొండల్లో

ఒకప్పుడు ఎల్క్ అనిపించుకున్న మన కణుజుకు రైఫిలు వేట నిజంగానే ఉంది, కాని ఆస్ట్రేలియాలో. 1860లలో విక్టోరియా రాష్ట్రంలో విదేశీ జీవులను అలవాటు చేయాలన్న ఉత్సాహంతో కణుజులను ఓడల్లో తెచ్చి వదిలారు. అవి మెల్‌బోర్న్‌కు తూర్పున ఉన్న యూకలిప్టస్ కొండల్లో విస్తరించాయి. అక్కడ పులి లేదు, రేచుకుక్క లేదు. లైసెన్సు ఉన్నవారు కాలినడకన పొంచి వేటాడే పద్ధతిలో వాటిని ఏడాది పొడవునా కాల్చవచ్చు, సంఖ్యకు పరిమితి లేదు. రైఫిలు కనీసం .270 కాలిబర్‌ది కావాలి. విక్టోరియాలో ఏటా వేటకు గురయ్యే దుప్పి జాతుల సంఖ్య కొన్ని సంవత్సరాల్లో లక్ష దాటింది, అందులో పెద్ద వాటా కణుజుదే. అయినా అవి మొక్కలను తినేస్తున్నాయని, వాగులను బురద చేస్తున్నాయని అక్కడి పర్యావరణవేత్తల ఆందోళన. అదే జంతువు స్వస్థలమైన ఆసియాలో తరిగిపోతోందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2008 నుంచి దాన్ని ముప్పు ముంగిట ఉన్న జాతుల్లో చేర్చింది.

పైన చెప్పిన వాదనకు విక్టోరియా ఒక రకంగా సమాధానం. లక్ష తూటాలకూ తరగని జంతువు అక్కడ ఉంటే, తూటా నిషేధించినా నిలదొక్కుకోలేని అదే జంతువు ఇక్కడ ఉంది. కనుక తేడాను లైసెన్సులో వెతికితే దొరకదు.

లైసెన్సు మనకూ ఉండేది

భారతదేశంలో వేట ఎన్నడూ చట్టబద్ధం కాలేదనుకోవడం సరికాదు. 1912 నాటి చట్టం వేటకూడని కాలాలను ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. జమీందార్లు, నిజాం ప్రభువులు, ఆంగ్ల అధికారులు తమ తమ వేటభూముల్లో కణుజులను, పులులను కాల్చారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా తొలి రూపంలో కొన్ని జంతువులకు వేట లైసెన్సుల అవకాశం మిగిల్చింది. 1991 సవరణతో ఆ తలుపు మూసుకుంది. లక్ష్మీ నగర్ శిక్షణ కేంద్రాల్లో పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులు ఈ చట్టంలోని షెడ్యూళ్లను కంఠస్థం చేస్తారు గాని, మధ్యనున్న ఆ పందొమ్మిదేళ్ల ముచ్చట సాధారణంగా వారి నోట వినిపించదు. ఇప్పుడు ప్రాణాపాయం కలిగించే జంతువు విషయంలో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ఇచ్చే ఉత్తర్వు వంటి కొన్ని మినహాయింపులే మిగిలాయి. వినోదం కోసం కణుజును కాల్చడానికి దేశంలో ఏ లైసెన్సూ లేదు.

కారణం లెక్కలోనే ఉంది. అమెరికాలో కోటా నిర్ణయించేటప్పుడు మంద ఎంత, ఎన్ని పుట్టాయి, ఎన్ని పోయాయని ఏటా అంచనా వేసి, మిగులును వేటగాళ్లకు పంచుతారు. మన అడవుల్లో ఆ మిగులుకు హక్కుదారు ముందే ఉంది. ఒక పులికి ఏడాదికి సుమారు 50 దుప్పుల పాటి ఆహారం కావాలన్నది శాస్త్రజ్ఞుల సాధారణ అంచనా. నల్లమలలో కణుజు, చుక్కల దుప్పి, అడవి పంది ఆ వాటాను తీరుస్తాయి. చిరుత, రేచుకుక్క కూడా వాటి మీదే ఆధారపడ్డాయి. కణుజు తగ్గిన చోట పులి ఊళ్ల పశువుల వైపు చూస్తుంది, ఆ నష్టం రైతుది.

పైగా ఇక్కడ కణుజును చంపేది రైఫిలు కాదు. తీగ ఉచ్చు, నాటు తుపాకీ, నాటు బాంబు, పొలం గట్టున అక్రమంగా గుంజిన కరెంటు తీగ. వీటికి ఆడ మగ తేడా తెలియదు, మొనల లెక్క లేదు. కణుజు కోసం పన్నిన ఉచ్చులో పులి పడుతుంది, పందికి పెట్టిన కరెంటు తీగ తగిలి మనిషి పోతాడు. అడవి మాంసం చాటుమాటుగా అమ్ముడవుతూనే ఉంది. అమెరికా 1900లో మూయడం మొదలుపెట్టిన బజారు మనకు ఇంకా పూర్తిగా మూతపడలేదు. ఆ బజారు ఉండగా లైసెన్సుల గురించి మాట్లాడటం దొంగ సరుకుకు రసీదు పుస్తకం అచ్చు వేయించడమే అవుతుందని నా అభిప్రాయం.

జాడ చదివే విద్య మాత్రం మన అడవిలోనూ సజీవంగా ఉంది. నల్లమల చెంచులు తరతరాలుగా విల్లంబులతో వేటాడినవారు. హైమెన్‌డార్ఫ్ 1943లో వెలువరించిన అధ్యయనంలో వారి అటవీ జీవనాన్ని వివరంగా నమోదు చేశాడు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోని రక్షణ శిబిరాల్లో నేడు పలువురు చెంచులు కాపలాదారులుగా పనిచేస్తున్నారు. విరిగిన రెమ్మ, తడి ఆరని గిట్ట గుర్తు, గాలి వాలు వారు ఇప్పటికీ చదువుతారు. రాత్రి వాగు వైపు నుంచి కణుజు గట్టిగా ఒక కేక వేసి కాలు నేలకు తాటించిందంటే పులి కదులుతోందని వారు గ్రహిస్తారు. వేసవిలో నీటి చెలమలకు పోయే దారుల్లో వారు వెతికేది గిట్టల జాడల పక్కన పొదల్లో దాచిన సన్నని ఇనుప తీగను.